చివరి ఈల తరువాత

ఉద్దేశం: ఒక ప్రాంతానికి, ఆ ప్రాంతం పేరు పెట్టుకొన్న ఆటల జట్టుకు, ఆ జట్టును నమ్ముకొన్న అభిమానికి మధ్య ఉండే బంధం ఎటువంటిదో హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. అక్కడి రైతు వానాకాలపు పంట చేతికి రాకపోతే యాసంగి వైపు చూస్తాడు. యాసంగి కూడా దెబ్బతీస్తే మళ్లీ మృగశిర కార్తె కోసం ఎదురుచూస్తాడు. నష్టం చిన్నదై కాదు, భూమి ఎక్కడికీ పోలేదు గనుక అతని ఆశ నిలుస్తుంది. క్రీడాభిమాని మనస్సు కూడా ఈ లెక్క ప్రకారమే నడుస్తుంది. ఫుట్‌బాల్‌లో పోటీలు సాగే కాలాన్ని సీజన్ అంటారు. సీజన్ చివరి ఆటలో రిఫరీ చివరి ఈల వేయగానే పట్టికలో జట్టు స్థానం ఖరారవుతుంది. గెలిచినవారు సంబరపడతారు. ఓడిన జట్టు అభిమాని కాసేపు మౌనంగా కూర్చొని, “వచ్చే ఏడు చూద్దాం” అనుకొంటూ లేస్తాడు. ఆ ఒక్క మాట లేకపోతే ఓటమిని మోయడం అతనికి సాధ్యం కాదు.

2025 మార్చి 12వ తేదీ రాత్రి హైదరాబాదు గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణంలో హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు కేరళ బ్లాస్టర్స్‌తో తలపడింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ ఏడాది హైదరాబాదుకు అదే ఆఖరి ఆట. మొదట కేరళ గోలు చేసింది. విరామానికి ముందు సౌరవ్ అనే యువకుడు గాలిలోకి లేచి, తలమీదుగా వెనక్కి బంతిని తన్ని గోలు చేశాడు. ఆట 1-1తో సమంగా ముగిసింది. మొత్తం 24 ఆటలలో హైదరాబాదుకు దక్కినవి 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. గెలిచినా ఓడినా స్థానంలో పెద్ద మార్పు రాని ఆట అది. అటువంటి ఆటకు వెళ్లేవాడే నిజమైన అభిమాని. ట్రోఫీ కోసం వచ్చేవాళ్లు ఆ రోజు రారు. పసుపు రంగు చొక్కా తొడుక్కొని, గొంతు పోయేదాకా అరిచి, హాస్టలు గేటు మూసేలోగా చేరాలని పరుగెత్తే విద్యార్థులే వస్తారు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల నుండి చదువుకోసమో కొలువుకోసమో నగరానికి చేరినవారిలో ఇటువంటి అభిమానిని ఊహించుకోవడం కష్టం కాదు. ఆ రాత్రి అతడు కూడా అలవాటు ప్రకారం “వచ్చే ఏడు చూద్దాం” అనుకొనే ఉంటాడు.

ఆ వచ్చే ఏడు రాలేదు. 2025 అక్టోబరులో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలింది. దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. 2025-26 సీజన్ పట్టికలో హైదరాబాదు పేరు లేదు. చివరి ఈల వినిపించిన రోజున అది చివరిదని స్టేడియంలోని అభిమానులకు తెలియదు. తెలిసి ఉంటే మరికొంతసేపు కూర్చొని ఉండేవారేమో.

ఆ అభిమాని అనుభవించిన ఆరు సీజన్లను వెనుదిరిగి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. 2019-20లో, అంటే పుట్టిన ఏడాదే, జట్టు 18 ఆటలలో 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. తరువాతి రెండు సీజన్లు కరోనా కారణంగా పూర్తిగా గోవాలోనే జరిగాయి. సరిగా ఆ కాలంలోనే జట్టు ఎదిగింది. స్పెయిన్ దేశస్థుడైన శిక్షకుడు మనోలో మార్కెజ్ యువకులపై నమ్మకముంచి ఆడించాడు. 2021-22లో నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఓగ్బెచె 18 గోల్స్ చేసి లీగ్‌లో అందరికంటె ముందు నిలిచాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి ఆ కేరళ బ్లాస్టర్సే. ఆట ముగియడానికి రెండు నిమిషాలుండగా సాహిల్ తవోరా గోలుతో స్కోరు 1-1 అయింది. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను ఆపాడు. హైదరాబాదు 3-1తో విజేత అయింది. అయితే ఆ సీజన్‌లో ఒక్క ఆట కూడా హైదరాబాదు నేలమీద జరగలేదు. అభిమానికి కప్పు టీవీ తెరమీద దక్కింది. పతనం మాత్రం కళ్లెదుట, సొంత మైదానంలో దక్కింది.

సొంత మైదానానికి తిరిగివచ్చిన 2022-23లో 42 పాయింట్లతో జట్టు రెండవ స్థానంలో నిలిచి, సెమీఫైనల్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీలలో ఓడింది. అటుపై జీతాలు సక్రమంగా అందకపోవడం, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోవడం వంటి చిక్కులు కమ్ముకొన్నాయి. 2023-24లో 22 ఆటలకు గెలుపు ఒక్కటే. ఆ ఒక్కటి కూడా చెన్నైలో లభించింది! కొత్త యాజమాన్యం వచ్చినా కథ మలుపు తిరగలేదు.

ఇక్కడ అభిమాని నిష్పాక్షికంగా ఆలోచిస్తే మరొక సంగతి గుర్తుకు రాక తప్పదు. 2019లో హైదరాబాదుకు జట్టు దక్కింది పుణె నగరపు జట్టు మూతపడినందువల్లనే. పుణె అభిమాని కన్నీటిని ఆ రోజు హైదరాబాదులో ఎవరూ లెక్కించలేదు. అదే సంవత్సరం ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్.సి. అయింది. అంటే, ఆరేళ్ల క్రితం జట్టును పోగొట్టుకొన్న ఢిల్లీ ఇప్పుడు మరొకరి జట్టును అందుకొంది. ఈ లీగ్‌లో స్థానం కంపెనీకి చెందినది, ఊరికి కాదు. ఊరి పేరు చొక్కామీద ఉంటుంది, హక్కు పత్రంమీద ఉండదు. అభిమాని టికెట్టు కొంటాడు, పాట పాడతాడు, డెక్కన్ లీజియన్ వంటి అభిమాన సంఘంలో చేరతాడు. జట్టును తరలించేటప్పుడు మాత్రం అతని అనుమతి ఎవరికీ అవసరం లేదు.

పాలమూరు ప్రజలకు వలస కొత్త మాట కాదు. తట్టాబుట్టా సర్దుకొని ముంబయికో పుణెకో వెళ్లినవారు పండుగకో పెండ్లికో తిరిగి వస్తారు. మనిషి వలసపోతే ఊరు అతనికోసం ఉంటుంది. జట్టు వలసపోతే అది తిరిగి రాదు. వెనుక మిగిలేది ప్రేక్షకుడే.

ఇంగ్లండులో ఇటువంటి సంకటమే వింబుల్డన్ అభిమానులకు ఎదురైంది. వారి క్లబ్బు మిల్టన్ కీన్స్ అనే దూరపు పట్టణానికి మారడానికి 2002లో అనుమతి లభించింది. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. అదే ఏడాది వేసవిలో ఊరి ఉమ్మడి మైదానంలో ఆటగాళ్లను ఎంపిక చేసి, ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే కొత్త క్లబ్బును ప్రారంభించారు. చిన్న చిన్న లీగుల మెట్లెక్కుతూ తొమ్మిదేళ్లకు, 2011లో, అది ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరింది. ఆ దేశంలో కిందినుండి పైకి ఎక్కే మెట్లు ఉన్నాయి గనుక అది సాధ్యమైంది. హైదరాబాదులో శ్రీనిధి డెక్కన్ జట్టు ఐ-లీగ్‌లో 2022-23, 2023-24లలో వరుసగా రెండవ స్థానం పొందిన మాట నిజమే. కాని ఒక జట్టుపై పెంచుకొన్న మమకారాన్ని మరొకదానికి మార్చడం బస్సు మారినంత సులభం కాదు.

హైదరాబాదుకు కదలని జట్టు ఒకప్పుడు ఉండేది. ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతదేశం నాల్గవ స్థానం పొందినప్పుడు జట్టు శిక్షకుడు రహీమే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ జట్టులో ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చినప్పటికి రహీం తీవ్ర అనారోగ్యంతో ఉన్నాడు. 1963 జూన్ 11న మరణించాడు. పోలీసు జట్టు వేరే నగరానికి తరలిపోలేదు. ఆటగాళ్లందరూ స్థానిక ఉద్యోగులే. అయినా క్రమంగా దాని వెలుగు తగ్గింది, మైదానాలు తగ్గాయి, ఊరు దానిని మరచింది. 2024లో రహీం జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చినప్పుడు చాలామంది తెలుగు యువకులు ఆయన పేరు మొదటిసారి విన్నారు. ఢిల్లీకి పోయిన జట్టుకంటె ఇంట్లోనే ఉండి మరపున పడిన జట్టుకు జరిగిన అన్యాయం పెద్దది.

మరపును ఎదుర్కోవడం గద్వాల సీమకు తెలిసిన విద్య. సంస్థానం కవిపండితులను ఆదరించినందువల్ల ‘విద్వద్గద్వాల’ అని పేరు పొందిన నేల ఇది. హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో కలిసిన తరువాత గద్వాల, వనపర్తి సంస్థానాలు గతించాయి. పోషకులు పోయినా పద్యాలు గ్రంథాలలో నిలిచాయి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ఈ ప్రాంతంలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో జవాబు చెప్పాడు. వాదన పెంచలేదు, 354 మంది కవులను ఒకచోట చూపించాడు. “హైదరాబాదులో ఫుట్‌బాల్ ఎక్కడిది?” అనేవారికి కూడా అటువంటి జవాబే తగినది. ఆటకు గ్రంథం ఉండదు. చూసినవాడు రాసిపెడితేనే ఉంటుంది.

హైదరాబాద్ ఎఫ్.సి.కి అటువంటి సంచిక ఎవరైనా కూర్చితే దానిలో ఒక కప్పు ఉంటుంది, రెండుసార్లు అట్టడుగు స్థానం ఉంటుంది, గోవాలోని ఖాళీ గ్యాలరీలు ఉంటాయి. చివరి పుటలో 2025 మార్చి 12, కేరళ బ్లాస్టర్స్, 1-1 అని ఉంటుంది. లీగ్‌లోని తన చివరి ఆటలో ఆ జట్టు ఓడిపోలేదు.

ఆలోచించి రాయండి

“ఊరి పేరు చొక్కామీద ఉంటుంది, హక్కు పత్రంమీద ఉండదు” అన్న వాక్యాన్ని వివరించండి.

వింబుల్డన్ అభిమానులు చేసిన పని హైదరాబాదులో సాధ్యమేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

మీ ఊరిలో ఒకప్పుడు పేరుపొంది ఇప్పుడు లేని ఆటల జట్టును గూర్చి పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుట రాయండి.