బడికి వసీయత్ - వారసుల హక్కు

మనిషి మరణించగానే అతని కర్మలు ఆగిపోతాయి. అయితే మూడు మార్గాల ద్వారా మాత్రం పుణ్యం అతనికి చేరుతూనే ఉంటుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) తెలియజేశారు. అవి: నిరంతరం కొనసాగే దానం (సదఖా జారియా), ప్రజలకు ప్రయోజనం కలిగించే విద్య, తన కోసం దుఆ చేసే ఉత్తమ సంతానం (ముస్లిం).

పాఠశాలకు చేసే సహాయంలో మొదటి రెండు మార్గాలూ కలిసి వస్తాయి. మనం ఇచ్చిన సొమ్ముతో కట్టిన గదిలో ఓ పేదపిల్ల ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకున్నా, లెక్కలు నేర్చుకున్నా ఆ పుణ్యంలో మనకూ భాగం ఉంటుందని ఆశించవచ్చు. అందుకే మన పెద్దల్లో కొందరు తమ తదనంతరం ఆస్తిలో కొంత బడికో, మదర్సాకో చెందాలని వీలునామా రాస్తుంటారు. ఇది ఎంతో ఉత్తమమైన కోరిక. కాని ఇక్కడ మనం మూడో మార్గాన్ని మరచిపోకూడదు. బడికి ఇచ్చే తొందరలో మన పిల్లల హక్కును లాగేసుకుంటే, వారి నోట మన కోసం దుఆ ఎలా వస్తుంది?

హజ్రత్ సఅద్ (రజి) అడిగిన ప్రశ్న

హిజ్రీ 10వ సంవత్సరంలో, అంతిమ హజ్ సందర్భంగా హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. దైవప్రవక్త (స) ఆయన్ని పరామర్శించడానికి వెళ్ళారు. సఅద్ (రజి) ధనవంతులు. అప్పటికి ఆయనకు ఉన్నది ఒక్క కుమార్తె మాత్రమే. తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేయవచ్చా అని ఆయన అడిగారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. పోనీ, సగం? దానికీ వద్దన్నారు. మూడింట ఒక వంతు? దానికి అనుమతిస్తూ, అది కూడా ఎక్కువేనన్నారు. వారసులు ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో ఉండటం కంటే వారిని కలిగినవారిగా వదిలి వెళ్ళడమే మేలని బోధించారు (బుఖారీ, ముస్లిం).

గమనించండి, ఇక్కడ వారసురాలు ఒక్క కూతురు. ఆమె కోసమే దైవప్రవక్త (స) తండ్రి దానానికి హద్దు గీశారు. ఆ తర్వాత సఅద్ (రజి) కోలుకున్నారు, చాలా ఏళ్ళు జీవించారు, ఆయనకు ఇంకా సంతానం కలిగింది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అయితే ఈ హదీసును దృష్టిలో ఉంచుకుని, ప్రజలు మూడో వంతు కంటే తగ్గించి నాలుగో వంతుతో సరిపెట్టుకుంటే బాగుంటుందని అభిప్రాయపడేవారు.

లెక్క ఎలా వేయాలి?

అన్ నిసా సూరా 11, 12 వచనాల్లో వారసుల వాటాలు వివరించబడ్డాయి. వసీయత్, అప్పులు తీర్చిన తర్వాతే ఆ పంపకం జరగాలని అక్కడే ఆజ్ఞ ఉంది. ఆచరణలో దైవప్రవక్త (స) అప్పును వసీయత్ కంటే ముందు తీర్పించారు. కనుక వరుస ఇది: మొదట కఫన్ దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు, తర్వాత మిగిలిన దానిలో మూడో వంతు మించకుండా వసీయత్, చివరగా వారసుల వాటాలు. భార్యకు చెల్లించని మెహర్ కూడా అప్పే. దాన్ని పక్కనపెట్టి బడికి ఇవ్వడం తగదు.

ఉదాహరణకు ఒక వ్యక్తి ఆస్తి మొత్తం 20 లక్షల రూపాయలు అనుకుందాం. అంత్యక్రియలకు 20 వేలు, అప్పులకు 1 లక్షా 30 వేలు, మెహర్‌కు 50 వేలు పోగా 18 లక్షలు మిగిలాయి. ఇందులో బడికి రాయగలిగింది గరిష్ఠంగా 6 లక్షలు. మిగతా 12 లక్షల్లో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 లక్షా 50 వేలు. తల్లిదండ్రులు ముందే గతించి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉంటే, కొడుక్కి 5 లక్షల 25 వేలు, ఒక్కో కూతురికి 2 లక్షల 62 వేల 500 వస్తాయి.

మూడో వంతుకు మించి రాస్తే, ఆ అదనపు భాగం వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. హనఫీ పండితుల ప్రకారం ఆ సమ్మతి మరణం తర్వాత ఇచ్చిందై ఉండాలి. వారసుడికి వసీయత్ లేదన్నది కూడా దైవప్రవక్త (స) బోధనే (అబూదావూద్, తిర్మిజీ). కనుక వీలునామాతో ఒక కొడుకు వాటా పెంచడం కుదరదు. అలాగే పెళ్ళికి బాగా ఖర్చుపెట్టామని చెప్పి కూతురి వాటా తగ్గించడం కూడా కుదరదు.

ముందు ఇంట్లో చూడండి

మరో ముఖ్య విషయం. కొడుకు బతికి ఉండగా, ముందే చనిపోయిన మరో కొడుకు పిల్లలకు తాతగారి ఆస్తిలో వారసత్వ వాటా రాదు. అయితే తాత తన మూడో వంతులో నుంచి వారికి వసీయత్ చేయవచ్చు. అల్ బఖర సూరా 180వ వచనం బంధువుల కోసం వసీయత్ చేయమని ప్రోత్సహిస్తోంది. వాటాలు నిర్ణయమైన తర్వాత, వారసులు కాని బంధువులకు ఇది వర్తిస్తుందని అనేకమంది పండితులు వివరించారు. ఇంట్లో తండ్రిలేని మనవడి ఫీజు కట్టే దిక్కు లేనప్పుడు, మొత్తం మూడో వంతు ఊళ్ళోని బడికి రాసి పేరు తెచ్చుకోవడం ఏమి న్యాయం? కొంత ఆ బిడ్డకు, కొంత బడికి రాయండి. రెండూ విద్యాదానాలే.

ఎలా రాయాలి?

వసీయత్ చేయవలసింది ఏదైనా ఉన్న ముస్లిం, దాన్ని రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపకూడదని దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). మన దేశంలో ముస్లింల నోటిమాట వసీయత్ కూడా చెల్లుతుంది. కాని దాన్ని రుజువు చేయడం కష్టం. కాబట్టి కాగితం మీద రాసి, ఇద్దరు నమ్మకస్తులైన సాక్షుల సంతకాలు తీసుకోండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. బడి పేరు, ఊరు, డబ్బు దేనికి వాడాలో, అంటే ఉపాధ్యాయుల జీతాలకో, గదులకో, పేదపిల్లల పుస్తకాలకో స్పష్టంగా పేర్కొనండి. ఆ బడి మూతపడితే సొమ్ము ఎటు వెళ్ళాలో, ఈ బాధ్యత ఎవరు నెరవేర్చాలో కూడా రాయండి. వసీయత్‌ను బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. వక్ఫ్ అలా కాదు, ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేం. స్థలమో ఇల్లో వక్ఫ్ చేయదలిస్తే, 2025లో వక్ఫ్ చట్టానికి సవరణలు జరిగాయి కనుక ముందుగా న్యాయవాదిని, ఆలిమ్‌ను సంప్రదించండి.

వారసులకూ ఒక మాట. విన్న వసీయత్‌ను మార్చేవారిపైనే ఆ పాపభారం పడుతుందని అల్ బఖర సూరా 181వ వచనం హెచ్చరిస్తోంది. నాన్న బడికి రాసిన కాగితాన్ని బీరువాలో దాచేయడం ఆయన పుణ్యానికి అడ్డుపడటమే.

కూతురి వాటా నుంచి విద్యాలయం

ఆరోగ్యంగా ఉండి, డబ్బు మీద ఆశ, పేదరికం భయం ఉన్న రోజుల్లో ఇచ్చే దానమే శ్రేష్ఠమని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ, ముస్లిం). కాబట్టి ఇవ్వగలిగిన దానిలో కొంత ఈరోజే ఇవ్వడం మేలు.

మొరాకోలోని ఫెజ్ నగరంలో ఉన్న ఖరవియ్యీన్ విద్యాకేంద్రం గురించి చాలామంది వినే ఉంటారు. క్రీ.శ. 859లో, అంటే హిజ్రీ 245లో, ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ తండ్రి నుంచి వారసత్వంగా వచ్చిన ధనంతో అక్కడ మస్జిద్ నిర్మాణం ప్రారంభించారని చరిత్రకారులు చెబుతారు. ఆ మస్జిదే కాలక్రమంలో గొప్ప విద్యాకేంద్రంగా ఎదిగింది. ఆ కూతురి వాటా ఆమెకు అందకపోయి ఉంటే? వారసురాలి హక్కును కాపాడటం విద్యాదానానికి అడ్డు కాదని దీన్నిబట్టి అర్థమవుతోంది. మన కూతుళ్ళ చేతికి వారి వాటా అందనిద్దాం. దాని నుంచి వారు రేపు ఏ బడికి పునాది వేస్తారో ఎవరికి తెలుసు?

హక్కుదారుల హక్కులు చెల్లించి, మన వంతులో నుంచి దానం చేసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.