ఆర్జినిన్ పొడి వాడొచ్చా?

ప్రశ్న: నాన్నకు బీపీ ఉంది, నిరుడు గుండెపోటు వచ్చింది. రక్తనాళాలు విప్పారుతాయంటూ తెలిసినవాళ్లు ఆర్జినిన్ పొడి తెచ్చిచ్చారు. వాడమంటారా?
– ఒక పాఠకుడు, కనకమామిడి, మొయినాబాద్ మండలం

జవాబు: వద్దు. వాళ్లు చెప్పిందాంట్లో కొంత నిజం లేకపోలేదు. రక్తనాళాల లోపలి పొర ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. ఆ వాయువు నాళాల కండరాన్ని సడలిస్తుంది, దారి వెడల్పవుతుంది. ఈ సంగతి తేల్చినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. కానీ గుండెపోటు వచ్చినవాళ్లకు ఆర్జినిన్ ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనంలో ఆరుగురు చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో ఒక్కరూ పోలేదు. దాంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపి, 2006లో ఫలితాలు ప్రకటించారు. పల్లీల్లో ఆర్జినిన్ దండిగా ఉంటుంది, గుప్పెడు తింటే భయం లేదు (ఉప్పు పల్లీలు కాదు సుమా!). బీపీ మందులు మాత్రం ఆపకండి. ఆ డబ్బాను ఓసారి మీ డాక్టర్‌కు చూపించండి.