పనస దుంగలో పలికిన నాదం

అనంతపురం సీమ వానలకు నోచుకోని పీఠభూమి. ఇక్కడ ఏటా కురిసే సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయినప్పటికీ ఈ నేల కళలకు బీడు కాలేదు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల పాలనాకాలంలో విరూపణ్ణ నిర్మింపజేసిన లేపాక్షి వీరభద్రాలయమే ఇందుకు సాక్ష్యం. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉండి, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఆ ఆలయపు నాట్యమంటపంలో తుంబురుడు వీణాధారియై దర్శనమిస్తాడు. రాతి వీణకు తంత్రి తెగదు, మెట్టు కదలదు. కాని అది పలుకదు. పలికే వీణ కొయ్యతో చేసినది. కనుకనే దానికి వార్ధక్యం ఉన్నది, చికిత్సా ఉన్నది.

24 మెట్లుగల వీణారూపం తంజావూరును పాలించిన రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని సంప్రదాయజ్ఞులు చెబుతారు. ఆ ప్రభువు స్వయంగా తెలుగు కవి. తెలుగునాట వీణల తయారీకి పేరుగాంచినది విజయనగరం జిల్లాలోని బొబ్బిలి. సంస్థానాధీశుల ఆదరణతో వర్ధిల్లిన ఈ విద్యను సమీపంలోని గొల్లపల్లి గ్రామంలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా కాపాడుతున్నారు. బొబ్బిలి వీణకు 2011-12లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ వీణకు పనస కొయ్య శ్రేష్ఠం. అది తేలికైనది, పురుగు పట్టనిది, నాదాన్ని చక్కగా మోసేది. కుండ, దండి వేర్వేరుగా చేసి అతుకక, ఒకే దుంగను తొలిచి మలచడం బొబ్బిలి శిల్పుల ప్రత్యేకత. దీనినే ఏకాండ వీణ అంటారు. దండి చివర యాళిముఖం, దిగువన ఆధారంగా బుర్ర, కుండపై గుర్రం అమరుస్తారు. వాయించడానికి నాలుగు తంత్రులు, తాళానికి మూడు తంత్రులు, మొత్తం ఏడు ఉంటాయి.

వీణకు ప్రాణస్థానం మెట్ల అమరిక. నల్లని పొడి కలిపిన తేనెమైనాన్ని దండిపై పరచి, అందులో లోహపు మెట్లను నిలుపుతారు. ఎండ తీవ్రతకు మైనం మెత్తబడుతుంది. కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. మెట్టు వెంట్రుకవాసి కదిలినా స్వరం తప్పుతుంది. అప్పుడు శిల్పి పాత మైనాన్ని తొలగించి, కొత్తది పోసి, తంత్రిని మీటుతూ ఒక్కొక్క మెట్టును సరైన స్వరస్థానంలో నిలుపుతాడు. ఈ పనిలో కొలబద్దకన్న చెవియే ప్రమాణం. గుర్రంపై లోహపు రేకు వంపును సరిచేయడంలోనూ అంతే నేర్పు కావాలి. అది తప్పితే నాదం మొద్దుబారుతుంది.

పాశ్చాత్యుల పియానోతో పోల్చి చూస్తే ఈ విశిష్టత మరింత స్పష్టమవుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తొలొమెయో క్రిస్తోఫోరి దానిని రూపొందించాడు. ఆయన 1720లో చేసిన వాద్యం న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో నేటికీ ఉన్నది. అక్కడ శిల్పి పేరు చరిత్రకెక్కింది. మన వీణకు మాత్రం ఊరి పేరే నిలిచింది. ఉలి పట్టిన వ్యక్తి పేరు సాధారణంగా మరుగునపడింది. ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి వైణికుల కీర్తిని స్మరించే శ్రోతలు, ఆ నాదాన్ని సాధ్యం చేసిన చేతులను స్మరించడం అరుదు.

పాత వీణను మరల పలికించడానికి కొయ్య, మైనం, లోహం చాలవు. వాటి మర్మమెరిగిన మనిషి కావాలి. పనస చెట్టు ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. చేతికి నేర్పు అబ్బడానికి ఏళ్లు పడుతుంది. శ్రమకు తగిన ప్రతిఫలం లేనిచోట తండ్రి ఉలిని కుమారుడు అందుకోడు. చెట్టును మరల నాటవచ్చును. చేతి నుండి చేతికి, చెవి నుండి చెవికి సాగిన విద్య ఒక తరంలో తెగితే దానిని తిరిగి పొందడం దుర్లభం. కాబట్టి వీణను గౌరవించడమంటే దానిని అద్దాల పెట్టెలో అలంకరించడం కాదు. వాయించడం, చెడినప్పుడు బాగుచేయించడం, బాగుచేసిన శిల్పికి తగిన విలువ ఇవ్వడం.