పాత వ్యానునకు కొత్త క్లచ్

మన ఆరంబాక్కము చెన్నై నుండి కలకత్తాకు పోవు రహదారి మీద, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని యున్నది. ఇట్టి ఊరిలో ఒక పాత వ్యాను ఒక కుటుంబమునకు జీవనాధారము కావచ్చును. అది మూడు దినములు నిలిచిన మూడు దినముల రాబడి పోవును. అందుచేత క్లచ్ అనగానేమి, అది అరిగినప్పుడు ఎట్లు మార్చవలెను అను సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ పాఠములో తెలుపనెంచితిమి.

ఉదాహరణమునకు మారుతి ఓమ్ని వ్యానును తీసికొందము. ఇది 1984లో వెలువడినది. 2019లో దీని తయారీ నిలిచినది. దీని ఇంజను ముందు సీట్ల క్రింద నుండును. ఇంజను వెనుక గేర్‌బాక్సు, అక్కడినుండి వెనుక చక్రములకు శక్తిని గొనిపోవు ప్రొపెల్లర్ షాఫ్టు ఉండును.

తిరుగుచున్న ఇంజనును నిలిచియున్న చక్రములతో ఒక్కసారిగా కలిపిన ఇంజను ఆగిపోవును. మెల్లగా కలుపుటకును, కావలసినప్పుడు విడదీయుటకును ఏర్పడినదే క్లచ్. సైన్సు పాఠములో మీరు చదివిన ఘర్షణయే దీనికి ఆధారము. ఇంజనుతో కూడ తిరుగు బరువైన చక్రము ఫ్లైవీలు. స్ప్రింగు బలముతో అదుమునది ప్రెషర్ ప్లేటు. ఈ రెంటి నడుమ బిగిసియున్న క్లచ్ ప్లేటు ఇంజను శక్తిని గేర్‌బాక్సునకు అందించును. పెడలు త్రొక్కగనే కేబులు ఒక ఫోర్కును లాగును. ఫోర్కు రిలీజ్ బేరింగును నెట్టును. పట్టు సడలి ప్లేటు విడివడును.

ప్లేటు అరిగిన గుర్తులేవి? ఇంజను మ్రోత హెచ్చును గాని బండి వేగము హెచ్చదు. మాడిన వాసన వచ్చును. పెడలు త్రొక్కినప్పుడు మాత్రమే గరగర శబ్దము వినబడిన బేరింగును అనుమానింపవలెను. అయితే తొందరపడరాదు. కేబులు మిక్కిలి బిగువుగా నున్నను మంచి ప్లేటు జారును. కనుక ముందుగా పెడలుకు తగినంత వదులు ఉన్నదా యని చూడవలెను. ఆ కొలత వాహనముతో ఇచ్చు పుస్తకములో నుండును. ఈ చిన్న పరీక్ష పెద్ద ఖర్చును తప్పింపవచ్చును.

మార్పు తప్పదని తేలినచో మొదట బ్యాటరీ తీగను విప్పుదురు. బండిని ఎత్తి గట్టి స్టాండ్ల మీద నిలుపుదురు. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రిందికి దూరుట ప్రాణాపాయము. పిమ్మట గేర్ ఆయిలును దింపి, ప్రొపెల్లర్ షాఫ్టును, కేబులును విడదీసి, ఇంజనుకు ఆధారమిచ్చి గేర్‌బాక్సును దించుదురు. కొత్త ప్లేటును నట్టనడుమ సరిగా నిలిపి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక్కవైపే బిగించిన అది వంకరపోవును.

ప్లేటొక్కటి మార్చిన చాలదా యని కొందరడుగుదురు. శ్రమ అంతయు గేర్‌బాక్సును దించుటలోనే యున్నది. పాత బేరింగు మరి కొన్ని నెలలకు చెడిన, ఆ కూలి యంతయు మరల చెల్లింపవలెను. అందుచేత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు ఈ మూడింటిని ఒకేసారి మార్చుట మేలు. ఫ్లైవీలు మీద గీతలు, పగుళ్లు ఉన్నవేమో చూడవలెను. ఆయిల్ సీలు కారుచున్నచో దానిని కూడ మార్చవలెను. ఏలయన నూనె తగిలిన కొత్త ప్లేటైనను జారును.

మరియొక హెచ్చరిక. పూర్వపు క్లచ్ లైనింగులలో రాతినార కలిపెడివారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేయును. పాత క్లచ్ దుమ్మును గాలితో ఊదరాదు; తడిగుడ్డతో తుడువవలెను.

కొత్త క్లచ్ చిరకాలము నిలుచుట నడుపువాని కాలిలో నున్నది. ఊరక పెడలు మీద కాలు ఆనించి నడుపుట, ఎత్తు మీద బ్రేకునకు బదులు క్లచ్‌తో బండిని నిలుపుట దానిని త్వరగా అరుగజేయును.

పని ముగిసిన పిమ్మట పాత ప్లేటును తుడిపించి చూడుడు. లైనింగు అరిగి రివెట్ల తలల దాక వచ్చియుండిన అది నిజముగా మార్చదగినదే. మెకానికు తమిళుడైనను, తెలుగువాడైనను దానిని క్లచ్ ప్లేటనియే అనును. పేరు అందరికి తెలిసినదే. అది ఏల అరిగెనో మాతృభాషలో అర్థము చేసికొన్న బాలుడు వర్క్‌షాపులో ఏ భాషలోనైనను ధైర్యముగా ప్రశ్న అడుగగలడు.