అడవి నాదముతో సంగీత రచన

నెమలి షడ్జమమును, కోకిల పంచమమును పలుకునని మన పూర్వులు చెప్పిరి. వారు పక్షికూతను స్వరమునకు పోలికగా గైకొనిరే కాని, పక్షి కంఠమునే తెచ్చి గానసభలో నిలుపుట వారికి శక్యము కాదు. ధ్వనిని పట్టి నిలువచేయు యంత్రము వచ్చిన పిమ్మట నదియు సాధ్యమయ్యెను. 1924 లో ఇటలీ దేశస్థుడగు రెస్పిగీ, రోము నగరపు పైను చెట్లనుగూర్చి రచించిన కృతిలో, వాద్యముల నడుమ గ్రామఫోను పలకనుండి నైటింగేలు పాటను వినిపింపజేసెను.

1948 లో పారిసు రేడియోలో పనిచేయుచుండిన పియేర్ షెఫేర్ ఇంతకంటెను సాహసించెను. వాద్యములనే విడిచి, రైలుబండ్ల చప్పుళ్లను పలకలపై పట్టి, వానితోనే యొక కృతిని కూర్చెను. ఆతని పద్ధతిని బాలబాలికలు మన ప్రార్థన గంటతోనే తెలిసికొనవచ్చును. గంట మ్రోతను పట్టి, తొలి దెబ్బను కత్తిరించి, తక్కిన నాదమును మాత్రము వినిపించినచో అది గంటయని పోల్చువా రరుదు. వేగమును సగము చేసిన నాద మొక స్థాయి దిగును. ఇట్లు మూడుమారులు దింపిన కీచురాయి కూతను మేము తరగతిలో వినిపింపగా, కప్పయని కొందరును, పిట్టయని కొందరును వాదులాడిరి. ఇంత పనికి నేడు చేతిలోని ఫోనే చాలును.

అయితే అడవి నాదమును కూర్చగోరువాడు మొదట కత్తెర పట్టరాదు, వినవలెను. అడవిలో ప్రతి ప్రాణియు నితర ప్రాణుల కూత తన కూతను కప్పివేయకుండ తనకు తగిన స్థాయిని, వేళను చూచుకొనునని అమెరికా దేశస్థుడగు బర్నీ క్రాస్ చెప్పును. 1988 లో నాతడు కాలిఫోర్నియాలోని లింకన్ మెడో అను పచ్చికబయలున, చెట్లు కొట్టుటకు ముందు, వేకువ ధ్వనిని పట్టెను. ఏరి కొట్టినయెడల హాని లేదని కంపెనీవారు చెప్పియుండిరి. మరుసటి యేడు అదే ఋతువున పోయి చూడగా, కంటికి బయలు మునుపటివలెనే యుండెను. చెవికి మాత్రము ఏటి సవ్వడియు, వడ్రంగిపిట్ట ముక్కుదెబ్బయు తప్ప తక్కినవి దాదాపు వినబడలేదు. క్రాస్ పలుచోట్ల పట్టిన అడవిధ్వనులను వాద్యబృందముతో జేర్చి రిచర్డ్ బ్లాక్‌ఫర్డ్ 2014 లో నొక సింఫనీ కూర్చెను.

ఇది దూరదేశపు మాట యనుకొనరాదు. 2024 ఆగష్టు 31 వ తేదీని పెనుగాలి వీచి, మన తాడ్వాయి అడవిలో స్వల్పకాలములోనే ఏబదివేలకు మించిన చెట్లను కూల్చెను. అంతకు రెండేండ్ల ముందు మేడారపు త్రోవలో బస్సు చెడి, మేము వేకువజామున ఆ యడవిలో నిలిచిపోయితిమి. అడవికోడి కూసెను, దూరమున నెమలి బదులు పలికెను, రాలిన టేకాకులపై నేదియో నడచిపోయెను. మా చేతిలో ఫోనుండెను. మరియొక బస్సు వచ్చునా యని అడుగుటకే దాని నుపయోగించితిమి గాని, ఆ ధ్వనిని పట్టవలె నను తలంపు తోచలేదు.

కావున క్రిస్మసు సెలవులకు ముందు తొమ్మిదవ తరగతివారిని పాకాల చెరువు గట్టుకు గొనిపోవ నెంచితిమి. సూర్యోదయమునకు అరగంట ముందు మొదలిడి, ఒకేచోట గంటసేపు ధ్వనిని పట్టుదుము. ఏటేట అదే తేదీని, అదేచోట మరల పట్టుదుము. కూర్పుపని బడికి వచ్చిన పిమ్మటనే. తలిదండ్రులు పిల్లలకు వెచ్చని బట్టలిచ్చి పంపవలెను. బిస్కెట్టు పొట్లములు మాత్రము వలదు. వాని గలగల అన్నిటికంటె ముందు పట్టుబడును.