మారిషస్ క్రియోల్ – ఒక భాష పుట్టిన కథ

తెలుగు ఎప్పుడు పుట్టిందో తేదీ వేసి చెప్పగలవారు ఎవరూ లేరు. కాని ఏ చోట, ఏ కాలంలో, ఏ కారణం చేత పుట్టాయో చెప్పగలిగిన భాషలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటినే క్రియోల్ భాషలంటారు. వాటిలో ఒకటైన మారిషస్ క్రియోల్‌ను గురించి ఈ చిన్న వ్యాసంలో తెలుసుకుందాం. అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో కూడా ఆ భాషే వినిపిస్తుంది గనుక అది మనకు బొత్తిగా పరాయిది కాదు.

పిడ్జిన్ – క్రియోల్

ఒకరి భాష ఒకరికి తెలియని జనం ఒకచోట కలిసి పని చేయవలసి వస్తే ఏం చేస్తారు? నాలుగు మాటలు పట్టుకుని, మిగతాది చేతులతో చూపించి పని గడుపుకుంటారు. అలా అవసరానికి ఏర్పడిన పొట్టి భాషను పిడ్జిన్ అంటారు. అది ఎవరికీ తల్లిభాష కాదు. ఆ గుంపులో పుట్టిన పిల్లలు దాన్నే తల్లిభాషగా అందుకున్నప్పుడు అది పెరిగి, పోట్లాడుకోవడానికీ, జోలపాడడానికీ చాలినంత నిండు భాష అవుతుంది. అదే క్రియోల్. ఆ కొత్త వ్యాకరణం పిల్లల మెదడులోని సహజశక్తి నుంచి వచ్చిందని డెరెక్ బికర్టన్ 1981లో వాదించాడు. కాదు, పెద్దల పాతభాషల నుంచే వచ్చిందని మరికొందరంటారు. ఈ తగవు ఇంకా తెగలేదు.

దీవిలో జరిగినది

మారిషస్‌లో మొదట జనమే లేరు. 1638లో డచ్చివాళ్ళు స్థిరపడి 1710లో వదిలిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు ఆక్రమించుకున్నారు. పని చేయడానికి మడగాస్కర్ నుంచీ, ఆఫ్రికా తూర్పు తీరం నుంచీ, కొందరిని మన దేశం నుంచీ కూడా బానిసలుగా తెచ్చారు. వీళ్ళ చెవిన పడ్డది పుస్తకాల ఫ్రెంచి కాదు, ఓడవాళ్ళ ఫ్రెంచి. ఓడను కట్టివేయడానికి వాడే మాట 'అమారే'. క్రియోల్‌లో మేకను కట్టినా, మోపు కట్టినా అదే మాట!

బడిలేని చదువు కాబట్టి వినపడ్డదే మాట అయింది. ఫ్రెంచిలో 'లా తేర్' రెండు మాటలు. 'లా' అనేది వట్టి ఉపపదం, 'తేర్' అంటే నేల. క్రియోల్‌లో రెండూ అతుక్కుని 'లాతేర్' అనే ఒకే మాటయింది. నీళ్ళు 'దిలో', ఇల్లు 'లాకాజ్' కూడా ఇలాగే పుట్టాయి.

మాటలు చాలామట్టుకు ఫ్రెంచివే గాని వ్యాకరణం వేరు. ఫ్రెంచి క్రియ పురుషను బట్టి, కాలాన్ని బట్టి రూపం మారుతుంది. క్రియోల్‌లో క్రియకు ముందు చిన్న మాట చేరుతుంది, అంతే. 'మొ పె మాంజే' అంటే తింటున్నాను. 'మొ తి మాంజే' అంటే తిన్నాను. 'మొ పు మాంజే' అంటే తింటాను. 'మొ తి పె మాంజే' అంటే తింటూ ఉన్నాను. ఎంత పొందికో చూడండి! సైన్సు విద్యార్థిగా నాకు దీన్ని మిశ్రమం అనడం కంటె సంయోగ పదార్థం అనడమే సబబుగా తోస్తుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే వచ్చే నీటికి ఆ రెండింటి గుణమూ ఉండదు గదా.

భాషలో దాగిన బ్రతుకు

తోటలనుంచి పారిపోయి కొండల్లో దాగిన బానిసలను 'మారోన్' అనేవారు. ఇప్పటికీ క్రియోల్‌లో అడవి జంతువును మారోన్ అంటారు. లైసెన్సు లేని టాక్సీ కూడా 'టాక్సీ మారోన్'. బానిసత్వం 1835లో పోయింది, దాని మాట మిగిలింది.

అక్కడి పొడుపుకథలను 'సిరాందాన్' అంటారు. నిలబడ్డ నీళ్ళు ఏవి? చెరకు. వేలాడే నీళ్ళు? కొబ్బరికాయ. పొలంలో పని చేసిన వాడికి తప్ప ఇవి తట్టవు. మా ఊళ్ళో కల్లం దగ్గర పెద్దలు వేసే పొడుపుకథల ధోరణి కూడా ఇదే.

1834 నుంచి కూలి ఒప్పందాల మీద మన దేశం నుంచి లక్షల మంది వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుంచి వెళ్ళినందున తెలుగువాళ్ళకు 'కోరంగీలు' అని పేరొచ్చింది. ఉగాది అక్కడ సెలవు రోజు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అయినా ఇంట్లో వాడుక ఎక్కువగా క్రియోలే. మనవాళ్ళ రాకతో ఆ భాషలోకి కూరలూ, తిండి పేర్లూ చేరాయి. మునగాకును అక్కడ 'బ్రెద్ మురుం' అంటారు. తుఫానుకు 'తుఫాన్' అనే మాట కూడా ఉంది. దేవ్ వీరాసామి షేక్‌స్పియర్ 'టెంపెస్టు' ఆధారంగా 1991లో రాసిన క్రియోల్ నాటకం పేరే 'తుఫాన్'.

చిన్నచూపు – గౌరవం

ఇంతటి భాషను చాలాకాలం 'చెడిపోయిన ఫ్రెంచి' అన్నారు. పిల్లవాడు ఇంట్లో క్రియోల్ మాట్లాడి, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చదవాలి. తన మాట బడికి పనికిరాదని తెలుసుకోవడమే వాడి మొదటి పాఠం. 2009లో ఆర్నో కార్పూరాన్ క్రియోల్‌కు క్రియోల్‌లోనే నిఘంటువు తెచ్చారు. 2011లో వర్ణక్రమం స్థిరపడింది. 2012లో ప్రాథమిక పాఠశాలల్లో ఐచ్ఛిక పాఠ్యాంశమయింది. బానిసల నోట పుట్టిన భాష బడి గడప తొక్కడానికి రెండువందల ఏళ్ళు దాటింది.

మనం కలిపి మాట్లాడే తెలుగు–ఇంగ్లీషు క్రియోల్ కాదు. 'బస్సు మిస్సయ్యాను' అన్నప్పుడు మాటలు అరువే గాని, వ్యాకరణం తెలుగుదే. కాని ఆ చిన్నచూపు మాత్రం మనకూ తెలిసినదే. పల్లెనుంచి కాలేజీకి వచ్చిన కుర్రవాడు నోరు విప్పగానే యాసకు నవ్వేవాళ్ళు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. ఆ నవ్వుకు భయపడి క్లాసులో సందేహం అడగనివాళ్ళు ఎందరో. విషయం తెలియక కాదు, మాట వచ్చినా పెదవి దాటనివ్వక వెనకబడిపోతారు.

మిత్రులారా, వ్యాకరణం లేని వాడుక లేదని క్రియోల్ చరిత్ర చెబుతోంది. ఒక మాట మన చెవికి వింతగా తోస్తే, దాని వెనక ఏ నేల, ఏ పని, ఏ కష్టం ఉన్నాయో అడిగి తెలుసుకుందాం. నవ్వడం కంటె అది ఎంతో మేలైన చదువు.