చెఱువుకట్ట మట్టి బలమును పరీక్షించుట

చెఱువుకట్ట తెగినయెడల నష్టపడువాడు ఒక్క రైతు కాడు. ఆయకట్టు పైరును, దిగువనున్న ఇండ్లును, పశువులును ఒక్కమారే ఆపదలో పడును. నీరు కట్టపై పొర్లుటయే ఇందుకు కారణమని సామాన్యముగా తలంతుము. కాని నీరు పొర్లకయే కట్ట ప్రక్క జారి కూలుటయు కలదు. అట్లు జారకుండ మట్టిని నిలుపు బలమెట్టిదో, దాని నెట్లు కొలుతురో ఈ పాఠమున వివరింతుము.

మట్టి జారుట యనగా ఒక పొర మఱియొక పొరపై జరుగుట. దీని నడ్డగించునవి రెండు: రేణువుల నడుమనుండు రాపిడి, మట్టియొక్క బంకతనము. పొడి ఇసుకకు రాపిడి మాత్రమే కలదు. రేగడికి బంకతనము హెచ్చు. పైబరువు పెరిగినకొలది రాపిడి పెరుగును. బంకతనము బరువుతో మారదు. ఈ నియమమును ఫ్రాన్సుదేశపు ఇంజనీరు కూలుంబు 1773లో పారిసు విద్వత్పరిషత్తునకు సమర్పించిన వ్యాసమున తెలిపెను. అది 1776లో అచ్చుపడెను.

పరీక్షకు ఒకదానిపై నొకటి యమరు రెండు సగముల చదరపు పెట్టెను వాడుదురు. సామాన్యముగా దాని భుజము 6 సెంటీమీటర్లు. అందు మట్టిని నింపి, పైన బరువుంచి, ఒక సగమును కదలనీయక రెండవదానిని ప్రక్కకు నెట్టుదురు. ఎంత తోపునకు మట్టి తెగి జారెనో వ్రాసికొందురు. ప్రతిసారియు క్రొత్త మట్టిముద్దతో, వేఱు బరువుతో, మూడుసార్లైనను ఇట్లు చేయుదురు.

ఒక మట్టి 18 కిలోల బరువుక్రింద 15 కిలోల తోపునకును, 36 కిలోలక్రింద 24 కిలోలకును, 54 కిలోలక్రింద 33 కిలోలకును జారెననుకొందము. బరువు 18 కిలోలు హెచ్చినప్పుడెల్ల తోపు 9 కిలోలు హెచ్చినది. కాబట్టి రాపిడి బరువులో సగము. మొదటి లెక్కలో రాపిడి 9 పోగా మిగిలిన 6 కిలోలు బంకతనమువలనివి. పెట్టె వైశాల్యము 36 చదరపు సెంటీమీటర్లు గనుక, చదరపు సెంటీమీటరునకు సుమారు 167 గ్రాములని తేలును.

ఎండిన రేగడిగడ్డ రాతివలె నుండుట చూచి మోసపోరాదు. తడిసినప్పుడు దాని బలము మిక్కిలి తగ్గును. మఱియు మట్టిలోని నీరు పైబరువులో కొంత తానే మోయును. అందుచే రేణువుల నడుమ ఒత్తిడియు, దానితో రాపిడియు తగ్గును. దీనిని ఆస్ట్రియా ఇంజనీరు కార్ల్ టెర్జాగి 1925లో ప్రకటించిన గ్రంథమున విశదపఱచెను. కావున కట్టమట్టిని బాగుగ తడిపియే పరీక్షింపవలయును.

దీనినుండి మనము గ్రహింపదగినవి కొన్ని కలవు. కట్టకు మట్టిని కుప్పలుగా పోయక, తగు తేమతో పలుచని పొరలుగా పఱచి దిమ్మిసతో గాని రోలరుతో గాని గట్టిపఱపవలయును. నిండిన చెఱువును ఒక్కసారిగా ఖాళీ చేయరాదు. బయటి నీటి ఆనుడు పోయినను కట్టలోని నీరు వెంటనే దిగదు గనుక లోపలి వాలు జారును. నూతిగుంటలు త్రవ్వునప్పుడు తీసిన మట్టిని అంచున పోయరాదు. నిలువుగోడ నేడు నిలిచినను వానకు తడిసి కూలవచ్చును. లోపల పనిచేయు కూలివాని ప్రాణము దానిక్రిందనే యున్నది.

క్రొత్తకట్ట వేయుటకును, పాతకట్టను ఎత్తు చేయుటకును పూనుకొను సంఘములు ముందుగా మట్టిని ఇంజనీరింగు కళాశాల ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించుట మేలు. ఒక్కరికి భారమగు ఈ వ్యయము పదుగురు కలసి భరించిన స్వల్పమగును. తెగినకట్ట తెచ్చు నష్టముతో పోల్చిన నిది లెక్కలోనిది కాదు.